ఏడో గవ్వ చప్పుడు

నస్రీన్ గవ్వ మూగబోయిందని యంత్రం తేల్చకముందే హైమవతి చెవికి తెలిసిపోయింది. వినికిడి పెట్టెను, గవ్వను అమర్చిన చోట, పిల్ల పొట్టకు ఎడమవైపున ఆనించి, అరగ్లాసు పాలు తాగించి, పది నిమిషాలు కాచుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న గవ్వ అయితే ఈపాటికి చినుకుల చప్పుడు మొదలై, చినుకులు జల్లుగా మారి, ఆ జల్లంతా ఒకే లయలో పడి గదిని నింపేసి ఉండాలి. ఇప్పుడు రెండు మూడు చుక్కలు రాలాయి. ఆ తరవాత పైన తిరుగుతున్న ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు.

"అయిపోయినాయా మేడం?" అని అడిగింది నస్రీన్. ఆ పిల్లకు ఏడేళ్లు.

"అయిపోయాయి" అంది హైమవతి.

పక్కన కూర్చున్న నస్రీన్ పిన్ని ముక్కు చీదింది. "నేను చెప్తానే ఉన్నా మేడంగారూ. మొన్న పెళ్లింట్లో ఎవరూ చూడకుండా రెండు లడ్లు మింగింది. ఆ లడ్లే చంపినయ్ వాటిని."

హైమవతి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మనిషి కళ్లజోడు తీసిందంటే ఏం రాబోతోందో ఆమె విద్యార్థులకు తెలుసు. పాపం పిన్నికి తెలియదు.

"మొన్న పెళ్లిలో మీరెన్ని తిన్నారు?"

"నేనా? మూడో నాలుగో..."

"మీ కణాలు చచ్చిపోయాయా? లేదు. ఈ పిల్ల చక్కెర తిన్నందుకు ఈ జబ్బు రాలేదు. తల్లిదండ్రులు చేసిన పాపానికీ రాలేదు. ఒంటిని కాపలా కాసే కణాలు, లోపల ఇన్సులిన్ చేసే కణాలను పరాయివాళ్లని పొరబడి చంపేశాయి. అంతే. లడ్ల మాట మళ్లీ ఈ పిల్ల చెవిన పడిందని నాకు తెలిస్తే, మిమ్మల్ని ఈ గది గడప తొక్కనివ్వను."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నస్రీన్ మాత్రం తల దించుకుని, బూట్ల వైపు చూసుకుంటూ నవ్వింది.

చీరాల పొలిమేరల్లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ ప్రయోగశాలకు హైమవతి రావడమే ఒక తగువుతో జరిగింది. అక్కడి ముఖ్య శాస్త్రవేత్త ప్రభుదాస్ ఒకప్పుడు ఆమె విద్యార్థి. మధుమేహం ఉన్న పన్నెండుమంది పిల్లల మీద కొత్త ప్రయోగం మొదలుపెడుతూ, పిల్లలకు విషయం వివరించడానికి వేసిన బొమ్మల పుస్తకాన్ని ఆమెకు చూపించాడు. అందులో చక్కెర కోరలున్న రాక్షసి, ఇన్సులిన్ గుర్రమెక్కిన రాకుమారుడు. హైమవతి ఆ పుస్తకాన్ని నాలుగు ముక్కలుగా చించి అతని బల్ల మీద పెట్టింది. "చక్కెర రాక్షసి అయితే తల్లిపాలలో ఎందుకుంది? మాట్లాడు ప్రభూ. అబద్ధం చెప్పడానికి పిల్లలే దొరికారా?" మర్నాడు అతను పిల్లలకు వివరించే ఉద్యోగం ఆమెకే ఇచ్చాడు.

ఆమె పిల్లలకు చెప్పిన తీరు వేరు. వీధి నిండా బియ్యం బండ్లు నిలబడి ఉన్నాయి. ఇళ్లలో మాత్రం పొయ్యి వెలగలేదు. ఎందుకు? బియ్యం వచ్చిందని ఒక్కొక్క తలుపూ తట్టి చెప్పేవాళ్లు లేరు. వీధి అంటే రక్తం, బియ్యం అంటే చక్కెర, ఇళ్లంటే ఒంట్లోని కణాలు. తలుపు తట్టేది ఇన్సులిన్. అది లేకపోతే వీధి నిండిపోతుంది, ఇల్లు పస్తుంటుంది. అందుకే దాహం, అందుకే నీరసం, అందుకే సూది. ఇంతకు మించి ఒక్క అలంకారమూ ఆమె వాడలేదు.

గవ్వను ప్రభుదాస్ చేశాడు. పేరు మాత్రం పిల్లలు పెట్టారు. నిజంగానే అది ఆ ఆకారంలో, చింతగింజ కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. పిల్ల చర్మం నుంచి తీసిన కణాలనే మలిచి, ఇన్సులిన్ చేసేవిగా మార్చి, మూడువేల గుంపులుగా దానిలో పెంచి, పొట్ట చర్మం కింద అమర్చారు. దాని గోడలోని సన్నటి రంధ్రాల గుండా చక్కెర లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి పోతుంది. ఒంటి కాపలాదార్లు మాత్రం దూరలేరు. ఆ కణాలు చక్కెర రుచి తగిలినప్పుడల్లా విద్యుత్తుతో కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడాన్ని చప్పుడుగా మార్చేది వినికిడి పెట్టె. పట్టీ ఒకటి నడుముకు కట్టుకుంటే ఆ సంకేతాలు నిమిషం నిమిషం ప్రయోగశాలకు చేరతాయి.

మొదటిసారి ఆ చప్పుడు విన్నరోజు హైమవతి కుర్చీలోంచి లేచి నిలబడింది. జీవితమంతా ఆ కణాలను బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రాలుగా గీసిన మనిషికి, అవి ఒకదానినొకటి పిలుచుకుంటూ, ఒకటి తడబడితే పక్కది సర్దుతూ, మూడువేల గొంతులతో ఒకే పాట ఎత్తుకోవడం వినిపించింది. ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా ఎందుకో చెప్పులు విడవాలనిపించింది.

ఇప్పుడు పదో నెల. పన్నెండు గవ్వల్లో పది మూగబోయాయి. నస్రీన్‌ది పదోది. పదకొండోది కూడా ముక్కుతూ మూలుగుతూ ఉంది. గట్టిగా మోగుతున్నది ఏడో నంబరు ఒక్కటే. తొమ్మిది రోజుల్లో పర్యవేక్షక సంఘం కూర్చుని, ప్రయోగాన్ని ఆపి మిగిలిన గవ్వలను కూడా తీసెయ్యాలని తీర్మానించబోతోంది.

"ఎందుకు చచ్చిపోయినయ్ మేడం?" అంది నస్రీన్.

"తెలియదు."

"మళ్లీ పెడతారా?"

"అదీ తెలియదు. తెలిసిన రోజున నీకే ముందు చెబుతాను."

నస్రీన్ తలూపి, సూది కోసం చొక్కా చెయ్యి తనే పైకి మడుచుకుంది.

*

"ఏడో నంబరును లెక్కలోకి తీసుకోలేం మేడం" అన్నాడు ప్రభుదాస్. తెర మీద పట్టిక ఉంది. ఎడతెగని పచ్చగీతలో అక్కడక్కడా తెల్లటి ఖాళీలు. ప్రతి ఖాళీ కిందా యంత్రం ఒకే మాట రాసింది: సంకేత లోపం.

"ఎన్ని?"

"పది. ఒక్కోటి పూర్తిగా ఒక రోజు. పట్టీ తీసేస్తున్నట్టున్నారు. అది చేనేత వాళ్ల పిల్ల, భావన అని. చెబితే వినే ఇల్లు కాదనుకుంటా."

"అందరికంటే ఎక్కువ కాలం బతికిన గవ్వను చెడ్డ సమాచారమని పారేస్తున్నావన్నమాట." హైమవతి కాగితం తీసుకుని ఖాళీల మధ్య రోజులు లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై. ఇరవై తొమ్మిది. ముప్పై. ఇరవై తొమ్మిది. ముప్పై. ఇరవై తొమ్మిది. ముప్పై. సగటు కట్టింది. ఇరవై తొమ్మిదిన్నర.

కలం ఆగిపోయింది.

"ప్రభూ, ఇది చాంద్రమాసం. ఈ ఖాళీలన్నీ అమావాస్యలే."

పున్నమి లెక్క తప్పకుండా గుడ్లు విడిచే పగడాల గురించి, చంద్రుడి గడియకు నడిసముద్రంలో పైకి తేలే పురుగుల గురించి అతనికి పాఠం చెప్పింది ఆమే. చర్మం కింద చీకట్లో, ఆకాశమన్నది ఎన్నడూ ఎరగని మూడువేల కణాల గుంపులు, చంద్రుడు కనిపించని రోజున తమంతట తామే ఆగి, మర్నాడు తమంతట తామే మొదలవుతున్నాయా?

"మేడం, ఇదే గనక నిజమైతే..." ప్రభుదాస్ కుర్చీని తెర దగ్గరకు లాక్కున్నాడు.

"నిజమైతే అనే ముందు గంటలు చూపించు."

చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. ముఖంలోని వెలుగు మెల్లగా చల్లారి, దాని చోట మరొకటి వచ్చింది.

"పోయిన నెల అమావాస్య ఘడియ మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. దానికి ముందు నెల తెల్లవారుజామున. ఈ కణాలు మాత్రం ఎప్పుడూ పొద్దున ఆరింటికే ఆగుతున్నాయి, మర్నాడు ఆరింటికే లేస్తున్నాయి. చంద్రుణ్ణి పట్టుకుని నడిచేవి ఇలా ఆగవు. ఇవి ఆగుతున్నది గోడమీది క్యాలెండర్‌లో నల్లచుక్క చూసి. ఆ ఇంట్లో ఎవరో ఆపుతున్నారు."

"ఎందుకాపుతారు?"

"రేపు అమావాస్యే కదా. వెళ్లి అడుగుతాను."

*

నేతవారి వీధి హైమవతికి తెలియని చోటేమీ కాదు. ఎన్నోసార్లు ఆ దారిన పోయింది. ఎప్పుడు పోయినా రెండువైపులా ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వీధిలోకి పొంగుకొచ్చేది. ఇవాళ ఆ చప్పుడు లేదు. అరుగుల మీద మగవాళ్లు పేకాడుకుంటున్నారు. ఒకాయన పట్టపగలు గురకపెడుతున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో పాఠాలు చెప్పినా, ఈ వీధి నెలకొక రోజు ఇలా ఊరుకుంటుందని తనకు తెలియదు.

ఏడో నంబరు పిల్ల గడపలో కూర్చుని వేరుశనక్కాయలు వొలుస్తోంది. ఎనిమిదేళ్ల భావన. నడుముకు పట్టీ లేదు. దాని బదులు పసుపు రాసిన నేతగుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ కింద ప్రయోగశాల ఇచ్చిన అయస్కాంతపు వలయం ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. దాన్ని ఆనిస్తే గవ్వ రంధ్రాలు సగం మూసుకుంటాయి. లోపలికి ప్రాణవాయువు అందుతుంది గానీ చక్కెర అందదు, ఇన్సులిన్ బయటికి రాదు. జ్వరం వచ్చి పిల్ల తిండి మానేస్తే, ఆరు గంటలకు మించకుండా వాడమని ఇచ్చిన వస్తువది.

"రండి మేడం. ఇయ్యాల సెలవు" అంది భావన.

"ఎవరికి?"

"మా నాయనకి, మగ్గానికి, వీటికి." పొట్ట తట్టుకుంది.

"వీటికి సెలవిమ్మని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. మీరేగా అన్నారు, లోపల పనోళ్లున్నారు, రాత్రింబగళ్లు ఆగకుండా పని చేస్తారని. మా నాయన అమావాస్యకి మగ్గం దిగుతాడు. మా తాత కూడా దిగేవోడంట. వీటికి మాత్రం వద్దా ఏంది?"

హైమవతి గడప దాటి లోపలికి వెళ్లింది. భావన నాయనమ్మ తిరపతమ్మ మట్టికుండలోంచి ఇన్సులిన్ సీసా తీస్తోంది. ఫ్రిజ్ లేని ఇంట్లో మందు చల్లగా ఉండడానికి తడిగుడ్డ చుట్టిన కుండ అది.

"తిరపతమ్మగారూ, ఆ వలయం ఇరవై నాలుగు గంటలు కట్టి ఉంచారంటే పిల్ల ప్రాణం ఏమవుతుందో తెలుసా?"

"తెలవకేమమ్మా? గవ్వ రాకముందు రెండేళ్లు దాన్ని సూది పొడిచి బతికించింది నేనే" అంది తిరపతమ్మ, సీసాను అరచేతుల మధ్య దొర్లిస్తూ. "గవ్వకి సెలవైతే మనకి సూదుల రోజు. మూడు గంటలకోసారి రక్తం చూత్తన్నాం. మేమేమన్నా వెర్రోళ్లమా? నమ్మకపోతే కాయితం చూసుకో."

భావన తండ్రి ఆంజనేయులు లోపలి నుంచి కాగితాల చుట్ట తెచ్చాడు. చీర అంచులకు బొమ్మలు గీసుకునే గళ్ల కాగితం. ఒక్కో అమావాస్యకు ఒక్కో వరస, ఒక్కో మూడు గంటలకు ఒక్కో గడి. గడిలో రక్తంలోని చక్కెర, కింద తిన్నది, పక్కన సూది మోతాదు. మర్నాడు పొద్దున వలయం విప్పాక మొదటి కొలత ఎర్రసిరాలో. ఇవాళ్టిది కాక పది వరసలు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. దారపు పోగు తప్పితే చీర మొత్తం పాడవుతుందని ఎరిగిన చెయ్యి రాసిన రాత అది.

హైమవతి ఆ కాగితాలను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ప్రయోగశాలలో ఏ పట్టికా ఇంత శుభ్రంగా లేదు.

"మాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది చివరికి. గొంతులో కోపం లేదు.

ఆంజనేయులు నసిగాడు. "సెలవు సంగతి ఏ పనోడైనా ఆసామికి చెప్తాడాండీ? చెప్తే ఉంచుతాడా?"

"నేనే చెప్పొద్దన్నా" అంది భావన, గింజలు నోట్లో వేసుకుంటూ. "మీరు ఒప్పుకోరని."

"ఈ రోజుకు నీకు నాలుగు సూదులు. నొప్పి లేదా?"

"ఉంది. కానీ వాటికి మిగతా రోజులన్నీ పనేగా మేడం."

*

మర్నాడు తెల్లవారేసరికి ప్రభుదాస్ వినికిడి పెట్టె పట్టుకుని అదే గడపలో గొంతుక్కూర్చున్నాడు. తిరపతమ్మ అతనికి కాఫీ ఇచ్చి, "ఇంత పెద్ద డాక్టరువి, నీకూ సెలవుండదా నాయనా?" అని అడిగింది. అతను గడియారం చూసుకున్నాడు.

ఆరింటికి భావన గుడ్డ ముడి విప్పి వలయం తీసింది. పెట్టె ఆనించారు. నిశ్శబ్దం. ఐదు నిమిషాలు. ఎనిమిది. పిల్ల అరచెక్క ఇడ్లీ తిని ఊరుకుంది. పదకొండో నిమిషంలో, ఎక్కడో దూరాన, ఒక్క చుక్క.

దానికి జవాబుగా ఇంకొకటి. రెండూ కాసేపు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. మూడోది వచ్చి చేరింది. అక్కడి నుంచి లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు. నిద్రలేచిన ప్రతి గుంపూ పక్క గుంపును తట్టి లేపుతున్నట్టు, చప్పుడు ఒక అంచు నుంచి పుట్టి రెండో అంచుకు పారింది. వెనక్కి తిరిగి మళ్లీ పారింది. ఒకచోట వందల చినుకులు దారితప్పి చెదిరిపోయాయి. చెదిరినవి తమంతట తామే కాస్త ఆగి, మిగతావాటి నడక విని, అడుగు కలిపాయి. ఇక అది ఒకే ఊపిరి. నిండుగా, బలంగా, మొదటి నెల మొదటి రోజున విన్నంత కొత్తగా.

మూడు రోజుల కిందటి రికార్డింగు ప్రభుదాస్ దగ్గరుంది. అందులో ఇదే గవ్వ గట్టిగానే మోగుతున్నా, అలసిపోయి, అంచులు అరిగి, మిగతా పదీ మూగబోకముందు మోగిన తీరును గుర్తుచేస్తోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి విన్నాడు. కాఫీ గ్లాసు కింద పెట్టేసి మళ్లీ మొదటి నుంచి విన్నాడు.

"మేం వాటిని మరమ్మతు చెయ్యడానికి మూడేళ్లు మందులు వెతికాం మేడం."

"విశ్రాంతిలో అవే మరమ్మతు చేసుకుంటాయి. అలసిన కణాల గురించి నువ్వు పరీక్షలో నాలుగు పేజీలు రాశావు. నేనే మార్కులు వేశాను." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇద్దరికీ చదువు వచ్చు. ఇద్దరికీ తోచలేదు."

వీధిలో మొదటి మగ్గం మొదలైంది. తరవాత దాని పక్కది. నిమిషాల్లో వీధంతా అందుకుంది. పెట్టెలోని చప్పుడేదో, వీధిలోని చప్పుడేదో కాసేపు తెలియలేదు. ప్రభుదాస్ కళ్లు తుడుచుకున్నాడు. భావన అతనికేసి జాలిగా చూసి, "నా ఇడ్లీ ఇంకా సగముంది, తింటావా?" అంది.

*

పర్యవేక్షక సంఘం అధ్యక్షుడు గళ్ల కాగితాలను వేలికొసతో పక్కకు జరిపాడు. నియమాలు ఉల్లంఘించిన కుటుంబాన్ని లెక్కలోంచి తప్పించడం పద్ధతి అన్నాడు.

"పద్ధతి పాటించిన కుటుంబాలు పదకొండు" అంది హైమవతి. "వాళ్ల గవ్వల్లో పది చచ్చాయి, పదకొండోది చావబోతోంది. పాటించని గవ్వ బతికింది. తప్పించాల్సింది కుటుంబాన్నా, నియమాన్నా?"

"ఇది ఒక్క పిల్ల విషయం. నిరూపణ కాదు."

"కాదు. అందుకే అడుగుతున్నాను. నిరూపించే అవకాశం ఇవ్వండి."

ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. సంకేత లోపమని రాసిన పట్టిక తనదనీ, లోపం సంకేతంలో లేదనీ చెప్పాడు. అంత చెప్పడానికి అతనికి మూడుసార్లు మంచినీళ్లు కావలసి వచ్చాయి. సాయంకాలానికి సంఘం ఒప్పుకుంది. భావన గవ్వ ఉన్నచోటే ఉంటుంది. ఇష్టపడే మరో ఆరుగురు పిల్లలకు కొత్త గవ్వలు పెడతారు. నెలకొక రోజు, వైద్యుల కళ్ల ముందు, సూదుల అండతో, వాటికి విరామం.

ఇచ్చిన మాట ప్రకారం హైమవతి నస్రీన్‌కే ముందు చెప్పింది. పిన్ని గది బయటే నిలబడింది. పిల్ల అంతా విని ఆలోచించింది.

"అమావాస్య మా ఇంట్లో లేదు మేడం. మా నాయన శుక్రవారం పరుపులు కుట్టడు. శుక్రవారం ఇవ్వచ్చా?"

"నెలకొక శుక్రవారం ఇవ్వచ్చు. వారం వారం ఇస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. నువ్వూ నేనూ కలిసి కనుక్కోవాలి."

"మరి నా పాతవాటికి ఎందుకివ్వలా?"

ముందురోజే తీసిన పాత గవ్వ బల్ల మీద గాజుగిన్నెలో ఉంది. పాలిపోయి, నిజంగానే సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చినదానిలా ఉంది. హైమవతికి చెప్పదగ్గ సులువైన మాటలు నాలుగైదు తెలుసు. వేటినీ వాడలేదు.

"వాటికి విశ్రాంతి కావాలని మాకు తోచలేదు. పెద్దవాళ్లం, చదువుకున్నవాళ్లం, ఒక్కరికీ తోచలేదు. తప్పు మాది. నీది రవ్వంత కూడా లేదు."

నస్రీన్ గాజుగిన్నె వైపు చూసింది, ఆమె వైపు చూసింది.

"అయితే వాటికి చెప్పండి."

చచ్చిపోయిన కణాలు వినవు. వినవని ఈ పిల్లకు చెప్పడం ఆమె పని. బతికున్న కణాలైనా మాటలు వినవని మొదటి పాఠంలోనే చెప్పింది కూడా. హైమవతి కుర్చీలోంచి లేచింది. అరవయ్యారేళ్ల నడుము పట్టేసినా వంగి, ముఖం గిన్నె దగ్గరకు చేర్చింది.

"తొమ్మిది నెలలకు పైగా ఒక్క పూట కూడా ఆగనివ్వకుండా మీచేత పని చేయించాం" అంది, పిల్లకు స్పష్టంగా వినపడేలా. "క్షమించండి."

నస్రీన్ తృప్తిగా తలూపింది. మంచం ఎక్కి వెల్లకిలా పడుకుని, ఇక కొత్తది పెట్టండి అన్నట్టు పొట్ట మీది నుంచి గౌను పైకి లాక్కుంది.